చుట్ట, చీపురు, కంటె, పుస్తకం : మహాకవి గురజాడ జీవితం



ఈ సంచికకు ఒక మహనీయుని జీవితచరిత్ర రాసి ఇవ్వమని కార్యవర్గంవారు నన్ను కోరారు. నేను పండితుణ్ణి కాను. ఈ మలేసియా దేశంలో మూడవ తరంవాణ్ణి. పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. తెలుగు అక్షరాలు నాకు పెద్దవాడినయ్యాక సాయంకాలపు తరగతులలో వచ్చాయి. అందుచేత పొరపాట్లుంటే పెద్దలు మన్నించాలి.

మా తాతగారు విశాఖపట్నం ప్రాంతం నుంచి ఓడ ఎక్కి వచ్చి కొబ్బరితోటలో కూలిపని చేశారు. మా నాయనమ్మ సాయంత్రం పనులు ముగించి గుమ్మంలో కూర్చుని అడ్డపొగ తాగేది. అంటే చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చటం. చూసిన ఇతర జాతులవారు ఆశ్చర్యపోయేవారు. ఆమె నన్ను గుంటడా అని పిలిచేది. ఆమె మాటతీరే మా ఇంటి తెలుగు. తరువాత పట్టణంలో కొందరు చదువుకున్న తెలుగువారు మా మాట విని నవ్వారు. అది తెలుగే కాదన్నట్టు మాట్లాడారు. అప్పటినుంచి చాలా ఏళ్ళు నేను బయట తెలుగు మాట్లాడటానికి సిగ్గుపడ్డాను.

సాయంకాలపు తరగతిలో మా మాస్టారు ఒకనాడు కన్యాశుల్కం నాటకం తెచ్చి చదివించారు. మొదటి అంకం మొదట్లోనే చుట్ట కనిపించింది. ఆ వెనుక మా నాయనమ్మ మాటల తీరు, మా ఇంటి చీపురు, మా పెద్దలు చెప్పుకునే నగలు ఒకటొకటిగా వచ్చాయి. నవ్విన పెద్దమనుషుల భాష ఆ పుస్తకంలో లేదు, మా ఇంటి భాష ఉంది. ఆ నాటకం రాసిన మనిషి ఎవరో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నంత ఇక్కడ రాస్తున్నాను.

జననం, విద్య

గురజాడ వేంకట అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21న రాయవరం గ్రామంలో, తల్లిగారి పుట్టింట జన్మించారు. ఆ ఊరు అప్పటి విశాఖపట్నం జిల్లాలోది, నేటి అనకాపల్లి జిల్లాలో ఉన్నది. తండ్రి వెంకట రామదాసుగారు, తల్లి కౌసల్యమ్మగారు. తమ్ముని పేరు శ్యామలరావు. తండ్రిగారు విజయనగరం సంస్థానంలో ఉద్యోగి.

అప్పారావుగారి చిన్ననాటి చదువు చీపురుపల్లిలో సాగింది. తరువాత విజయనగరం చేరారు. అక్కడ మహారాజావారి కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖరశాస్త్రిగారు ఈ పిల్లవాని తెలివిని గుర్తించి ఉండటానికి చోటు, తినటానికి తిండి ఏర్పాటు చేసి చదివించారు. ఆ గురువుగారు అన్నం పెట్టకపోతే తెలుగువారికి కన్యాశుల్కం దక్కేదో లేదో! విజయనగరంలోనే ఆయనకు గిడుగు రామమూర్తిగారితో స్నేహం కుదిరింది. విద్యార్థులుగా మొదలయిన ఆ స్నేహం తరువాత వ్యావహారిక భాషోద్యమానికి రెండు స్తంభాలయింది.

అప్పారావుగారు 1882లో మెట్రిక్యులేషను, 1884లో ఎఫ్.ఏ. ప్యాసయ్యారు. ఆ ఏడే విజయనగరంలో ఉపాధ్యాయుడుగా చేరారు. జీతం నెలకు 25 రూపాయలు. 1885లో అప్పల నరసమ్మగారితో వివాహమైంది. 1886లో బి.ఏ. పూర్తిచేశారు. 1887లో కళాశాలలో అధ్యాపకుడయ్యారు. అప్పుడు జీతం 100 రూపాయలు.

ఆయన మొదట రాసింది తెలుగులో కాదు, ఇంగ్లీషులో. సారంగధర కథను ఇంగ్లీషు పద్యంగా 1883లో ప్రకటిస్తే కలకత్తా పత్రికా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ మెచ్చుకుని తన పత్రికలో మళ్ళీ వేసుకున్నారు. ఇంగ్లీషులో పేరు తెచ్చుకునే దారి ఆయనకు తెరిచే ఉంది. ఆయన ఆ దారిన పోలేదు. పరాయి భాషలోనే జీవితమంతా ఉద్యోగం చేసిన నావంటివానికి ఇది ఎంత పెద్ద నిర్ణయమో తెలుసు.

జాబితాలోని పిల్లలు

అప్పారావుగారి జీవితంలో విజయనగరం మహారాజు ఆనందగజపతిగారిది ముఖ్యస్థానం. మహారాజు విద్యాప్రియులు, కళాప్రియులు. అప్పారావుగారిని దగ్గరకు తీసుకున్నారు, సంస్థానంలో శాసనాల పరిశోధనకు నియమించారు.

ఆ రోజుల్లో బ్రాహ్మణ కుటుంబాలలో ఆడపిల్లకు డబ్బు పుచ్చుకుని పెళ్ళి చేసే ఆచారం ఉండేది. ఆ డబ్బుకే కన్యాశుల్కమని పేరు. డబ్బు ఇవ్వగలిగినవాడు సాధారణంగా ముసలివాడు. పిల్ల పెద్దదయ్యేలోగా అతను పోతాడు. పిల్ల విధవ అవుతుంది. ఆ విధవకు మళ్ళీ పెళ్ళి లేదు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881లో మొదటి వితంతు వివాహం జరిపించారు గాని, అగ్రహారాలలో పాత ఆచారం సాగుతూనే ఉంది.

దీనిని చట్టం చేసి ఆపాలని ఆనందగజపతిగారు ప్రయత్నించారు. అది నెరవేరలేదు. అయితే ఆ సందర్భంలో విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాలకు ఒక జాబితా తయారయింది. ఆ వివరాలను అప్పారావుగారు నాటకం మొదటి ముద్రణ పీఠికలో చేర్చారు. మొత్తం పెళ్ళిళ్ళు 1034. అందులో ఐదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది. నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు ఆరుగురు. ఏడాది వయసు పిల్లలు ముగ్గురు.

నేను లెక్కల మాస్టారిని. అంకెలు చూస్తే కూడటం అలవాటు. ఐదేళ్ళు, అంతకు లోపు పిల్లలు 188 మంది. మా బడిలో ఒకటవ తరగతి గదులు ఐదారు నిండిపోయేంత మంది.

సంతకు తెచ్చిన సరుకు జాబితా కూడా ఇలాగే ఉంటుంది. వయసు, సంఖ్య, వెల. అప్పారావుగారు దీనిపై ఉపన్యాసం రాయలేదు, నాటకం రాశారు. మనుషులను వస్తువుల్లా కొనే చోట వస్తువులకు ఎంత విలువ, మనుషులకు ఎంత విలువ అన్నది ఆ నాటకంలో రంగం మీద కళ్ళకు కనిపిస్తుంది. నేను ఈ వ్యాసంలో ముఖ్యంగా మనవి చేయదలచింది ఇదే.

నాటకం, వస్తువులు

కన్యాశుల్కం మొదటిసారి 1892లో విజయనగరంలో ప్రదర్శించారు. 1897లో పుస్తకంగా అచ్చయింది. దానిని ఆనందగజపతిగారికి అంకితమిచ్చారు. ఆ ఏడే మహారాజు స్వర్గస్తులయ్యారు.

కథ తెలియని యువతరం కోసం క్లుప్తంగా చెబుతాను. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు ఉంటాడు. పెద్దకూతురు బుచ్చమ్మను డబ్బు కోసం ముసలివానికిచ్చి చేస్తే ఆమె విధవ అయింది. ఇప్పుడు చిన్నకూతురు సుబ్బిని 1800 రూపాయలకు లుబ్ధావధాన్లు అనే ముసలివానికి ఇవ్వబోతాడు. పిల్ల మేనమామ కరటకశాస్త్రి ఈ పెళ్ళి తప్పించటానికి తన శిష్యుడికి ఆడవేషం వేసి, వేరొక పెళ్ళికూతురని చెప్పి, తక్కువ వెలకు లుబ్ధావధాన్లుకు కట్టబెడతాడు. ఈ పన్నాగానికి వేశ్య మధురవాణి సాయం చేస్తుంది. ఇంకోవైపు గిరీశం అనే ఇంగ్లీషు చదువుల మాయగాడు సుబ్బి అన్న వెంకటేశానికి ట్యూషను మాస్టారుగా ఆ ఇంట చేరి బుచ్చమ్మను లేవదీసుకుపోతాడు. చివరకు విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులనే వకీలు ఇంట అన్ని చిక్కులూ విడిపోతాయి.

ముందు 1800 రూపాయల సంగతి చూడండి. 1884లో అప్పారావుగారి జీతం 25 రూపాయలు. ఆ జీతం ఒక్క దమ్మిడీ ఖర్చు పెట్టకుండా దాచినా 1800 రూపాయలు కావటానికి సరిగ్గా ఆరేళ్ళు పడుతుంది. నాటకం చూసిన ఆనాటి జనానికి ఆ అంకె బరువు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక చుట్ట. ఉత్తరాంధ్రలో చుట్ట కాల్చటం ఆడవారికీ మగవారికీ మామూలే. మా నాయనమ్మకు అది పని తరువాతి విశ్రాంతి. గిరీశం చేతిలో అది గురుత్వానికి గుర్తు అయింది. శిష్యుడు వెంకటేశానికి గురువు దగ్గర వంటబట్టిన విద్య చుట్ట కాల్చటం ఒక్కటే. కుర్రవాడు పరీక్ష తప్పాడు. అయినా కొనవలసిన పుస్తకాలంటూ గిరీశం పెద్ద జాబితా తయారుచేస్తాడు. ఆ జాబితా చదువు కోసం కాదు, డబ్బు రాబట్టటం కోసం. నాటకం రాసినవారు స్వయంగా ఉపాధ్యాయులు. పొద్దున్న బడిలో పాఠం చెప్పి వచ్చి, రాత్రి దీపం దగ్గర ఒక దొంగ మాస్టారిని సృష్టించారు. పుస్తకం పేరు చెప్పి మోసం చేయవచ్చు, ఇంగ్లీషు ముక్కలతో తల్లిదండ్రులను మురిపించవచ్చు అని ఆయనకు బాగా తెలుసు. మా వృత్తివారు గిరీశాన్ని చూసి నవ్వటంతో సరిపెట్టుకోకూడదు. పాఠం మనస్సులో దిగకుండా పిల్లవాడిని పరీక్ష గట్టెక్కించి, తల్లిదండ్రుల దగ్గర మెప్పు పొందిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ రోజుల్లో నాలోనూ కొంచెం గిరీశం ఉన్నాడు.

తరువాత చీపురు. గిరీశం పూటకూళ్ళమ్మ దగ్గర సామాను కొనిపెడతానని 20 రూపాయలు తీసుకుని మధురవాణి కోసం ఖర్చుపెట్టాడు. పూటకూళ్ళమ్మ అంటే డబ్బు పుచ్చుకుని భోజనం పెట్టే ఆమె. ఆమె చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికి వస్తుంది. అప్పటికే గిరీశానికి భయపడి రామప్పపంతులు మంచం కింద దూరి ఉన్నాడు. ఇప్పుడు ఆమెకు భయపడి గిరీశమూ అదే మంచం కిందికి చేరతాడు. దెబ్బ మాత్రం రామప్పపంతులుకు తగులుతుంది. గిరీశం తప్పించుకుపోతాడు. జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వే ఘట్టమిది.

నవ్విన తరువాత ఆలోచిస్తే ఇంకొకటి కనిపిస్తుంది. ఈ నాటకంలో మగవారికి కోర్టులున్నాయి. అగ్నిహోత్రావధాన్లు దావాలు వేస్తూనే ఉంటాడు. రామప్పపంతులు దావాల మీదే బతుకుతాడు. పూటకూళ్ళమ్మకు ఏ కోర్టూ లేదు. ఆమె కోర్టు ఆ చీపురే. మన ఇళ్ళలో చీపురును కాలితో తొక్కనివ్వరు, లక్ష్మి అంటారు. అదే చీపురుతో ఒకరిని కొడితే అంతకంటే పెద్ద అవమానం లేదు. ఆమెకు దక్కిన న్యాయం కూడా ఎలాంటిదో చూడండి. దెబ్బ తగిలినవాడు దగాకోరే, ఆమెను మోసం చేసినవాడు మాత్రం కాదు. అప్పారావుగారు లోకాన్ని ఉన్నదున్నట్టు చూపించారు.

నుయ్యి కూడా ఇంటి వస్తువే. సుబ్బి పెళ్ళి మాట విన్న తల్లి వెంకమ్మ నూతిలో పడుతుంది. పైకి తీస్తారు, బతుకుతుంది. రోజూ బిందె దించి నీళ్ళు తోడే చోటు అది. ఇంటి ఆడదానికి కోపం చెప్పుకోవటానికి వేరే చోటు లేదు.

కంటె కథ

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసింది కంటె. కంటె అంటే మెడకు పెట్టుకునే బంగారు నగ. మారువేషపు పెళ్ళికూతురికి పెట్టటానికి మధురవాణి కంటె ఎరువుగా వెళుతుంది. పెళ్ళి జరుగుతుంది. తాళి కట్టేది మగపిల్లవాడి మెడలో! కొన్నవాడు పిల్ల వెల చూశాడుగాని పిల్లను చూడలేదు. తాళివంటి పవిత్ర వస్తువు కూడా అక్కడ కొనుగోలు రసీదు అయిపోయింది. తరువాత శిష్యుడు వేషం తీసి మాయమవుతాడు.

అప్పుడు మొదలవుతుంది కంటె కోసం గొడవ. మధురవాణి తన కంటె తెచ్చేవరకు రామప్పపంతులును గడప తొక్కనివ్వదు. పంతులు కంటె కోసం పడరాని పాట్లు పడతాడు. పిల్ల ఏమయిందన్న ప్రశ్న కూడా వస్తుంది, కాని ప్రేమతో రాదు. లుబ్ధావధాన్లు పిల్లను చంపాడన్న నేరంగా, కేసుగా వస్తుంది. అయ్యో, ఆ పసిపిల్ల ఎక్కడ తిరుగుతున్నదో అని ఆమె కోసం ఏడ్చినవారు లేరు. ఎరువిచ్చిన కంటెను తిరిగి అడిగే హక్కు దాని యజమానికి ఉన్నది. అమ్మేసిన కూతురిని తిరిగి అడగటానికి తల్లికి ఏ హక్కూ లేదు. జాబితాలోని 1034 మంది ఇలా వెళ్ళినవారే.

ఇంకో విశేషం. ఆ కంటె వేశ్యది. నాటకంలో తన శరీరానికి వెల కట్టే వృత్తిలో ఉన్నది మధురవాణి ఒక్కతే. సంఘం ఆమెను తప్పుబడుతుంది. పసిపిల్లకు వెల కట్టిన తండ్రి మాత్రం యజ్ఞోపవీతం సవరించుకుని విస్తరి ముందు కూర్చుంటాడు. ఈ రెండు బేరాలను అప్పారావుగారు పక్కపక్కన పెట్టారు. ఏది పాపమో ఆయన చెప్పలేదు. చూసేవారికి వదిలిపెట్టారు.

నాటకం చివర మధురవాణి మగవేషంలో సౌజన్యారావు ఇంటికి వెళ్ళి నిజం బయటపెట్టి లుబ్ధావధాన్లును కాపాడుతుంది. చేసిన సాయానికి ప్రతిఫలంగా ఆమె ముద్దు కోరుతుంది. మంచివాడయిన ఆ వకీలు ఇచ్చిన మాటకు సిద్ధపడినప్పుడు తానే వారిస్తుంది. చెడిపోని మనిషిని చెడగొట్టకూడదన్నది ఆమె నియమం. ఆయన చేతినుంచి ఆమెకు అందేది ఒక భగవద్గీత. మొదటి అంకంలో పుస్తకాల పేర్లు డబ్బు గుంజటానికి పనికివచ్చాయి. చివరి అంకంలో ఒక పుస్తకం వెల లేకుండా చేతులు మారింది. ఈ నాటకంలో బేరం లేకుండా ఒకరు ఇచ్చి మరొకరు పుచ్చుకున్న వస్తువు నాకు అదొక్కటే కనిపిస్తున్నది. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి చదువుకోవటానికి పంపుతారు. ఆమెకు కూడా చివరకు దక్కేది పుస్తకమే.

తిరిగి రాయటం

ఆనందగజపతిగారి తరువాత అప్పారావుగారు ఆయన సోదరి రీవా మహారాణిగారికి ఆంతరంగిక కార్యదర్శి అయ్యారు. సంస్థానం వారసత్వ దావా పనులు ఆయన మీద పడ్డాయి. వకీళ్ళు, సాక్షులు, కాగితాల కట్టలు నిత్యకృత్యమయ్యాయి. ఆరోగ్యం మొదటినుంచీ అంతంతమాత్రమే. నీలగిరులలో ఉండగా ఆయన కన్యాశుల్కాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుని దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. అది 1909లో ఏడంకాల రెండవ ముద్రణగా వెలువడింది. నేడు మనం చదివేది అదే. మధురవాణి ఇంత గొప్ప పాత్రగా నిలిచింది అందులోనే. పేరు వచ్చిన పుస్తకాన్ని పన్నెండేళ్ళ తరువాత, జబ్బు శరీరంతో, మళ్ళీ మొదటినుంచి రాసే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

1910లో ఆయన రాసిన దిద్దుబాటు కథ వచ్చింది. అందులోనూ మంచం ఉన్నది. వేశ్యల ఆటపాటలు చూసి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన భర్తకు భార్య కనబడదు. ఉత్తరం దొరుకుతుంది. అతను పశ్చాత్తాపపడిన తరువాత ఆమె మంచం కిందనుంచి నవ్వుతుంది. నాటకంలో మంచం కింద దాక్కున్నవారు పిరికి మగవారు. కథలో దాక్కున్నది తెలివయిన ఇల్లాలు. వస్తువు ఒక్కటే, దాని కింద ఉన్న మనిషిని బట్టి అర్థం మారిపోయింది.

ఆ ఏడే ముత్యాల సరాలు కూడా వచ్చాయి. సామాన్యులు పాడుకునే నడకకు దగ్గరగా ఆయన తెచ్చిన కొత్త ఛందస్సు అది. దేశభక్తి గేయమూ ఆ కాలానిదే. ముసలివానికి అమ్ముడుపోయిన పూర్ణమ్మ కథను గేయంగా రాసినప్పుడు మాత్రం ఆయన నవ్వించలేదు. వెంకమ్మను నూతినుంచి పైకి తీశారు. పూర్ణమ్మ దుర్గ గుడి దగ్గరి కొలనునుంచి తిరిగి రాలేదు. జాబితాలో అంకెగా ఉన్న పిల్లకు ఆయన పేరు పెట్టి, బొమ్మవంటి ఆ పిల్లను తెలుగువారి ఇంటి బిడ్డను చేశారు.

భాష కోసం పోరాటం

చివరి సంవత్సరాలలో ఆయన చేసిన పెద్ద పని భాషకు సంబంధించినది. బడిపిల్లలు తెలుగు వ్యాసాలు ఏ భాషలో రాయాలి? ఎవరూ మాట్లాడని పాత గ్రాంథికంలోనా, శిష్టులు మాట్లాడే వ్యవహార భాషలోనా? ఈ వివాదం చెన్నపట్నం విశ్వవిద్యాలయం దాకా వెళ్ళింది. విచారించటానికి వేసిన సంఘంలో అప్పారావుగారు సభ్యులు. ఎక్కువమంది సభ్యులు గ్రాంథికం వైపే ఉన్నారు. ఆయన ఒప్పుకోలేదు. 1914లో తన అసమ్మతిని వివరంగా రాసి సమర్పించారు. అది ఒక చిన్న గ్రంథమంత ఉన్నది. ఆనాటికి ఆయన ఓడిపోయినట్టే. కాని ఈనాడు తెలుగు పత్రిక, కథ, పాఠ్యపుస్తకం ఏది తెరిచినా ఆయనే గెలిచారని తెలుస్తుంది.

నా ఊహలో ఆయన భాషా పోరాటమూ, నాటకంలో వస్తువులూ ఒకటే. గొప్ప గ్రంథంలో రాజులు, రత్నకిరీటాలు ఉండాలని పాత నమ్మకం. గొప్ప గ్రంథంలో సమాసాలు ఉండాలని మరో నమ్మకం. ఆయన కిరీటం తీసి చీపురు పెట్టారు, సమాసం తీసి ఇంటిమాట పెట్టారు. సామాన్యుల ఇంట్లో ఉన్నదానికి సాహిత్యంలో చోటు ఉన్నదని రుజువు చేశారు.

1913లో ఉద్యోగ విరమణ చేసి, 1915 నవంబరు 30న విజయనగరంలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు. ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు. ఆయన నివసించిన ఇల్లు విజయనగరంలో స్మారకంగా నిలిచి ఉన్నది. 1955లో కన్యాశుల్కం చలనచిత్రంగా కూడా వచ్చింది. రామారావుగారు గిరీశం, సావిత్రిగారు మధురవాణి.

మా తరగతి నాటకం

కొంతకాలం క్రిందట మా సాయంకాలపు తరగతి పిల్లలచేత పూటకూళ్ళమ్మ ఘట్టం వేయించాను. గిరీశానికి చుట్ట ఇవ్వలేము గనుక గోధుమరంగు కాగితం చుట్టి ఇచ్చాము. కంటె అంటే ఏమిటో ఒక్క పిల్లకూ తెలియదు. అట్టముక్క కత్తిరించి బంగారు కాగితం అంటించాము. చీపురుకు మాత్రం ఇబ్బంది లేకపోయింది. ఒక అమ్మాయి ఇంటినుంచి కొబ్బరి ఈనెల చీపురు తెచ్చింది. మలయా దేశంలో వాకిలి ఊడ్చేది దానితోనే. మా నాయనమ్మ విశాఖపట్నం వైపు ఊడ్చిందీ దానితోనే. ఆ అమ్మాయికి తెలుగు మాటలు తడబడ్డాయి. చీపురు ఎత్తిన తీరు మాత్రం తడబడలేదు. చూడటానికి వచ్చిన ముసలమ్మలు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. తరువాత ఒకామె నా దగ్గరకు వచ్చి, ఇంట్లో ఇలాగే మాట్లాడుకుంటాము, ఇది పుస్తకంలో ఉన్నదా అని అడిగింది. ఉన్నదమ్మా అని చెప్పాను. ఆ ఒక్క మాట చెప్పటానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మన పిల్లలకు తెలుగు నేర్పాలని సభలలో చాలాసార్లు తీర్మానిస్తాము. అక్షరాలు నేర్పుదాం, తప్పదు. దానితోపాటు ఇంట్లో మిగిలిన పాత వస్తువులను కూడా ఒకసారి వారి చేతిలో పెడదాం. తాతగారి పెట్టె, నాయనమ్మ పోపులడబ్బా, పెళ్ళినాటి నగ ఏదయినా సరే. దాని పేరు తెలుగులో చెబుదాం. అది ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వచ్చిందో చెబుదాం. మా ఇంట్లో నాయనమ్మ చుట్టలు దాచుకున్న రేకుడబ్బా ఒకటి ఉన్నది. ఈసారి దీపావళికి దానిని మనుమరాలికి ఇవ్వాలనుకుంటున్నాను. ఆమెను కూడా ఎవరయినా గుంటా అని పిలవాలి గదా.